ఎర్రగీతకు ఇవతల

మునిసిపాలిటీ పిల్లోడు వచ్చినాడు,
చెవిలో పెన్సిలు, చేతిలో టేపు, డబ్బాలో ఎర్రరంగు.
పక్కగోడ మీద నిలువుగా ఒక గీత గీసి
"ఇంతవరకే మీది అక్కా" అని
మంచినీళ్ళు కూడా తాగకుండా పక్కింటికి పోయినాడు.

గ్రీమ్స్‌పేటలో మా ఇల్లు ఇరవై రెండు అడుగుల లోతు.
గీతకు ఇవతల పదమూడు.
ఆ రాత్రి మా ఆయన చెంగల్రాయులు
నా సుద్దముక్క తీసుకుని
గోడమీది గీతను నేలమీదికి దించినాడు.
అది బీరువా నడుం మీదుగా పోయి,
మంచం కాళ్ళు రెండు అటు, రెండు ఇటు చేసి,
కుట్టుమిషనును రాసుకుంటా పోయింది.
మిషను ఇటే.
నేను ఊపిరి పీల్చుకున్నాను.

ఇంక అటక.
"ఉండనీ, ఎప్పుడైనా పనికొస్తుంది" అనే మాటను
ఇరవై ఆరేండ్లు పైకి విసిరి విసిరి నింపిన అటక.

గుజ్జు ఫ్యాక్టరీ నుంచి ఆయన మోసుకొచ్చిన
ఖాళీ డబ్బాలు ముప్పై ఒకటి.
వాటిలో చిన్న డబ్బాలు, వాటిలో మూతలు,
ఏ డబ్బాకూ సరిపోని మూతలు.
తాళాలు ఎప్పుడో పోయిన తాళంచెవులు.
పెండ్లి తాంబూలాల పసుపు సంచులు నూటికి పైనే,
ఒక్కోదాని మీద ఒక్కో జంట పేరు.
వాళ్ళలో ఇద్దరు ముగ్గురు విడిపోయినారు కూడా,
సంచులు మాత్రం మడత నలగలేదు.

నేను కుట్టిన జాకెట్ల మిగులుగుడ్డలు నాలుగు మూటలు.
ఒక ఆకుపచ్చ పీలిక చేతికి తగిలితే
ఆ జాకెట్టు తొడుక్కున్న మనిషి గుర్తొచ్చింది.
ఆమె పోయి మూడేండ్లు.
పీలికను ఏం చేయాలో తెలీక మళ్ళీ మూటలో పెట్టి
మూటనే బయట పెట్టినాను.
విప్పి చూడకపోతే చెయ్యి తొందరగా కదులుతుంది.

అటక చివర, బూజు కింద,
ఇద్దరు పట్టి దించాల్సినంత డేక్సా.
అంచు మీద చుక్కచుక్కగా చెక్కిన పేరు:
ఎం. వళ్ళెమ్మ.
మా వాడికి చెవులు కుట్టించిన దినం
కూర వండటానికి అడుక్కొచ్చింది.
ఆమె ఒకసారి అడిగింది.
ఇచ్చేసినామని ఒట్టు పెట్టినాను.
అబద్ధమని అప్పుడు నాకూ తెలీదు.
ఆ రోజు నుంచి కొళాయి దగ్గర
ఆమె బిందె నా బిందె పక్కన నిలబడలేదు.

పాత సామాన్లోడు తక్కెడ ముందుకు జరిపినాడు.
కిలో నూట ఇరవై అన్నాడు, నూట ముప్పై అన్నాడు.
డేక్సాను నెత్తిన బోర్లించుకుని
కండ్లు కనపడీ కనపడకుండా నడిచినాను.
ఎనిమిది ఇండ్ల దూరం.
ఇరవై ఏండ్లు పట్టింది.

వళ్ళెమ్మ మెట్టు మీద కూర్చోనుంది,
చుట్టూ ఆమె మూటలు.
పేరు మీద బొటనవేలుతో రుద్దింది.
"ఇప్పుడు తెచ్చినావా మే" అంది.
"మా గీత వంటింట్లోకే పోయింది.
దీన్ని యాడ పెట్టుకోవాల నేను?"

నాకు మాట రాలేదు.
ఆమే డేక్సాను వీధిలో బోర్లేసి
నన్ను దాని మీద కూర్చోమంది.
మూటకట్టకుండా మిగిలిన రెండు గ్లాసుల్లో
టీ తెచ్చింది.
చక్కెర ఎక్కువైంది. చెప్పలేదు.

తర్వాత జేసీబీ వచ్చింది. ఒక పూట పని.

ఇప్పుడు చీపురు నాలుగు విసుర్లకే గుమ్మం చేరుతుంది.
చుట్టాలొస్తే ఒకరు కూర్చుంటారు, ఒకరం నిలబడతాం.
వెతుకులాట లేదు,
చెయ్యి చాపితే ఉంటుంది, లేకుంటే లేదు.
ఆయన మాత్రం నెలకొకసారి
ఒక ఖాళీ డబ్బా తెచ్చి గడపలో నిలబడి నా మొహం చూస్తాడు.

కరెంటు పోయిన రాత్రుల్లో
అగ్గిపెట్టె కోసం
నా ఎడమచెయ్యి దానంతట అదే
పాత గూటివైపు లేస్తుంది.
ఆడ గూడు లేదు, గోడ లేదు.
బెంగుళూరు బస్సు పోతా ఉంటుంది.